ఒక ఆవర్తనంలో క్యాసెట్ మార్చాలి

కిందటి కార్తీకంలో ఒక శనివారం సాయంత్రం అన్నయ్య గుంటూరు నుంచి సంచి మోసుకుంటూ వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "కింద పెట్టేటప్పుడు మెల్లిగా పెట్టవే" అన్నాడు. అమ్మ కోసం వదిన పంపిన పచ్చళ్లేమో అనుకున్నాను. మూతి విప్పితే నాన్న క్యాసెట్లు. లెక్కపెడితే నలభై రెండు.

సత్యనారాయణపురంలో మా పాత ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చినప్పుడు సామానంతా తలో చోటికీ చేరింది. టేప్ రికార్డరు నా దగ్గర ఉండిపోయింది. క్యాసెట్లు బ్రాడీపేటలో అన్నయ్య వాళ్లింటి అటకెక్కాయి. కృష్ణకి ఆ పక్క అవీ, ఈ పక్క ఇదీ. మధ్యలో ఉన్నది గంట బస్సు ప్రయాణం. ఆ గంట ప్రయాణానికి మాకు పదిహేనేళ్లు పట్టింది. పెళ్లికో పండక్కో కలిసినప్పుడల్లా "ఒకసారి అన్నీ పెట్టుకుని విందాం" అనుకోవడం, ఎవరి బస్సు వాళ్లు ఎక్కెయ్యడం. ఈసారి అమ్మే అంది, "నాకు చెవులు పనిచేస్తున్నప్పుడే ఆ పని చెయ్యండర్రా" అని. ఆ మాట పడ్డాక ఇంక కూర్చోలేకపోయాను.

రికార్డరుని గవర్నర్‌పేటలో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. వెనక మూత తీసి చూపించాడు. లోపల ఉండాల్సిన రబ్బరు బెల్టు కరిగి, తారులాగా చక్రాలకి అంటుకుపోయి ఉంది. "ఇన్నేళ్లు ఊరికే ఉంచితే ఇంతేనమ్మా, అప్పుడప్పుడు తిప్పుతూ ఉండాలి" అన్నాడు. స్పిరిట్‌లో ముంచిన దూదితో ఆ జిగురంతా తుడిచి, కొత్త బెల్టు వేసి, హెడ్ శుభ్రం చేసి ఇచ్చాడు. తిరగడమైతే తిరిగింది. అసలు చిక్కు ఆ సాయంత్రం బయటపడింది.

నాన్న రైల్వేలో గుమాస్తా. సంగీతం నేర్చుకోలేదు. నలుగురిలో నోరు విప్పి పాడగా నేనెప్పుడూ చూడలేదు. వినేవాడు, అంతే. కానీ ఆ వినడం కూడా ఒక విద్యే అని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. తాళం వేస్తూ, ఎక్కడ ఎత్తుకున్నారో ఎక్కడ వదిలారో చూసుకుంటూ, ఒక్క అక్షరం తప్పిపోకుండా వినేవాడు. ఆయన పెరిగిన బెజవాడ అలాంటిది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు శిష్యులకి పాఠం చెప్పిన ఊరు. ఆయన దగ్గర నేర్చుకున్న మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ల వయసులో మొదటి కచేరీ చేసింది ఇక్కడే, త్యాగరాజ ఆరాధనలో. ఆ పసివాడి పాట విని హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ మురళీకృష్ణ అన్న పేరుకి ముందు 'బాల' చేర్చారన్న కథని మా నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ, తను ఆ పందిట్లో ముందు వరసలో కూర్చున్నట్టే చెప్పేవాడు. అప్పటికి ఆయన పుట్టనే లేదు.

1948 డిసెంబర్ 1న బెజవాడలో రేడియో స్టేషన్ మొదలైంది. నాన్న తరం వాళ్లకి కచేరీ అంటే సగం పందిరి, సగం రేడియో. మా ఇంట్లో రేడియో ముల్లు బెజవాడ స్టేషన్ వచ్చే 837 దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. పొరపాటున మేము సిలోన్ కోసం తిప్పినా మళ్లీ సరిగ్గా అక్కడికే తేవాలని గాజు మీద ఎర్ర పెన్నుతో సన్న గీత గీసి పెట్టాడు. పొద్దున్నే భక్తిరంజనితో ఇల్లు లేచేది. ఓలేటి వెంకటేశ్వర్లుగారి గొంతు వినబడితే నాన్న గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ సబ్బు నురగతోనే ఆగిపోయేవాడు. ఆ గొంతులో హిందుస్తానీ మెత్తదనం ఒకటి ఉండేది. పాటలో పెద్ద సంగతి, అంటే ఒక వరసని తిప్పి పాడే మలుపు కూడా బరువు లేకుండా జారిపోయేది. అలా పాడటం చేతకావాలంటే ఎంత సాధన కావాలో తెలిసినవాడు గనక నాన్న అలా నిలబడిపోయేవాడు. నేను మాత్రం బడికి ఆలస్యమవుతోందని గొణుక్కునేదాన్ని.

రేడియో, టేప్ రికార్డరు కలిసిన టూ ఇన్ వన్ కొన్నాక ఆయనకి ఇంకో ప్రపంచం దొరికింది. శనివారం రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు వరకూ జాతీయ సంగీత కార్యక్రమం వచ్చేది. 1952లో మొదలైంది అది. కొన్ని వారాలు హిందుస్తానీ, కొన్ని వారాలు మనది, కర్ణాటకం. తొంభై నిమిషాలు, మధ్యలో ఆపడం ఉండదు. మనది వచ్చే వారం నాన్న సాయంత్రం నుంచే తయారయ్యేవాడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. తొంభై నిమిషాల కచేరీకి తొంభై నిమిషాల క్యాసెట్టు ఉంది కదా, ఒక్కసారి తిప్పితే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాన్న దాన్ని ముట్టుకునేవాడు కాదు. అంత పొడుగు టేపుని అదే డబ్బాలో ఇమడ్చాలంటే పల్చగా చెయ్యక తప్పదు. పల్చటి టేపు సాగుతుంది, రోలరుకి చుట్టుకుంటుంది. "మిషన్ తినేస్తుంది" అనేవాడు. అందుకని ఎప్పుడూ అరవై నిమిషాలదే. అంటే ఒక్కో వైపు ముప్ఫై. కచేరీకి మూడు వైపులు కావాలి. పది గంటలకి ఒకసారి తిప్పాలి, పదిన్నరకి ఇంకో క్యాసెట్టు వెయ్యాలి. రెండు గండాలు. అందులో పదిన్నర గండం పెద్దది. ఎందుకంటే సరిగ్గా ఆ వేళకి కచేరీ మంచి పాకంలో ఉంటుంది.

మా అందరికీ ఆ రాత్రి కట్టుబాట్లుండేవి. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఇంట్లో ఎవరూ స్విచ్ ముట్టుకోకూడదు. రేడియోలోంచి తిన్నగా టేపులోకి వెళ్తుంది కాబట్టి మేము మాట్లాడుకున్నా అందులో పడదు. కానీ ట్యూబ్‌లైట్ వేస్తే ఆ స్టార్టరు కొట్టుకునే చప్పుడు మీడియం వేవ్‌లోకి దూరి టపటపమంటుంది. అందుకని ముందే కావలసిన దీపాలు వేసి, అక్కర్లేనివి తీసేసి, మంచినీళ్లు తాగి, బాత్రూముకి వెళ్లొచ్చి కూర్చోవాలి. అమ్మ అప్పటికే వంటిల్లు కడిగేసి వచ్చేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అనుకుంటాను, ఆగలేక లేచి బాత్రూములో లైటు వేశాను. లోపల తోడి రాగం ఆలాపన సాగుతోంది, పై షడ్జమం, అంటే పై 'స' మీద ఆగబోతున్నారు. టప్, టప్, టప్. నేను బయటికి వచ్చేసరికి నాన్న నా వైపు చూడలేదు. ఏమీ అనలేదు. అనకపోవడమే నన్ను చాలా రోజులు బాధపెట్టింది. ఆ టేపు పెట్టినప్పుడల్లా ఆ చోటు వచ్చేముందు నా వీపు బిగుసుకుపోయేది. ఇంట్లో ఎవరూ నా పేరు ఎత్తేవాళ్లు కాదు, కానీ అది ఎవరి టప్పో అందరికీ తెలుసు.

పదిన్నర గండానికి నాన్న చేసిన ఏర్పాటు చూడాలి. కొత్త క్యాసెట్టు మొదట్లో రికార్డు కాని తెల్ల ముక్క ఉంటుంది, అయిదారు సెకన్లు వృథా పోతాయి. ఆయన సాయంత్రమే పెన్సిలు దూర్చి తిప్పి, ఆ తెల్ల ముక్క దాటి గోధుమరంగు టేపు కనబడగానే ఆపేవాడు. గుండ్రటి పెన్సిలు జారిపోతుంది, పలకలున్న పెన్సిలే పళ్లకి పడుతుంది. అలా సిద్ధం చేసిన క్యాసెట్టు అన్నయ్య చేతిలో పెట్టేవాడు. ఏ వైపు పైకి ఉండాలో, అదే పట్టున పట్టుకుని కూర్చోవాలి. పాత టేపు టక్‌మని ఆగడం, నాన్న మూత తెరవడం, నేను పాతది లాగడం, అన్నయ్య కొత్తది వెయ్యడం, నాన్న రెండు మీటలూ కలిపి నొక్కడం. ఇదంతా ఒక్క ఆవర్తనంలో, అంటే తాళం ఒక చుట్టు తిరిగేలోపు అవ్వాలి. ఆయన సెకన్లు లెక్కపెట్టేవాడు కాదు. మాకు కూడా సెకన్లలో చెప్పేవాడు కాదు. "ఒక్క ఆవర్తనం పోతే పోయింది, రెండోది పోకూడదు" అనేవాడు. చౌకంగా వేసిన ఆది తాళం ఎనిమిది అక్షరాలు, పది పన్నెండు సెకన్లు ఉంటుందేమో.

సరే, ఆ సాయంత్రానికి వస్తాను. అమ్మ తులసి దగ్గర దీపం పెట్టి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. కాఫీలయ్యాయి. ముందుగా చినమౌలానాగారి నాదస్వరం పెట్టాం. అది అమ్మ కోరిక. అమ్మది ఒంగోలు పక్క ఊరు. షేక్ చినమౌలానాది కరవది. తమిళదేశం వెళ్లి శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరానికి పుట్టిల్లనిపించుకున్న చోటే అంతటి పేరు తెచ్చుకున్న మనిషి. అమ్మ ఎప్పుడూ "మా గుంటూరు జిల్లా ఆయన" అంటుంది. అన్నయ్య "ప్రకాశం జిల్లా అమ్మా" అని దిద్దుతాడు. "1970లో మీరు విడగొట్టుకుంటే మాకేంటి, నేను పుట్టింది గుంటూరు జిల్లాలోనే, ఆయన పుట్టిందీ గుంటూరు జిల్లాలోనే" అంది అమ్మ ఈసారి కూడా. ఈ సంభాషణ మా ఇంట్లో నలభై ఏళ్లుగా నడుస్తోంది.

నాదస్వరం మొదలయ్యింది. వినగానే నాకేదో ఎబ్బెట్టుగా తోచింది. వాద్యం గొంతు సన్నబడ్డట్టు, డోలు కంగారుపడుతున్నట్టు. అన్నయ్య మొహం చూస్తే వాడికీ అదే. "ఇది ఇలా ఉండేది కాదే" అన్నాడు. అమ్మ కళ్లు మూసుకునే "పరిగెడుతోంది" అంది.

కొత్త బెల్టు. దాని కొలత తేడా వచ్చి మోటారు టేపుని గబగబా లాగుతోంది. వేగం పెరిగితే శృతి కూడా పైకి పోతుంది కదా. అరశృతి పైకి పోవడానికి ఆరు శాతం వేగం పెరిగితే చాలు. అయితే ఎంత తగ్గించాలి? అసలు శృతి ఏదో తెలిస్తేగా సరిచేసేది! అన్నయ్య ఊరికే క్యాసెట్టు పెట్టె తిరగేసి చూశాడు. లోపలి కార్డు మీద నాన్న అక్షరాలు. రాగం, తాళం, వాద్యాలు. అన్నిటికంటే కింద, గీత కొట్టి, ఒక అంకె. ఇంకో పెట్టె తీశాడు. అందులోనూ. అన్నిట్లోనూ. "శృతి 1½". "శృతి 5". "శృతి 2".

నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. కార్యక్రమం మొదలై తంబురా వినబడగానే నాన్న తన చిన్న శృతి పెట్టె తిత్తి ఊదుతూ, మీటలు ఒక్కొక్కటే లాగి చూసి, కలవగానే ఆపి కార్డు మీద ఏదో రాసుకునేవాడు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. రేడియోలో వస్తున్నప్పుడే, టేపు మధ్యలోకి రాకముందే, మనిషి ఏ శృతిలో పాడారో అది రాసిపెట్టుకున్నాడన్నమాట. అంకె పెరిగితే శృతి పైకి, ఒకటిన్నరకీ రెండుకీ తేడా అరశృతి.

పాడినది ఒకటి పెడితే శృతి పట్టుకోవడం తేలికని ఒక కచేరీ టేపు వేశాం. కార్డు మీద ఒకటిన్నర. వినబడుతున్నది రెండు. నేను ఫోనులో తంబురా ఆప్ తెరిచి ఒకటిన్నరకి పెట్టాను. అన్నయ్య రికార్డరుని బోర్లా పడుకోబెట్టి, మూత విప్పి, మోటారు వెనక ఉన్న సన్నని రంధ్రంలోకి కళ్లజోడు బిగించే స్క్రూ డ్రైవరు దూర్చాడు. లోపల ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే చాలు, గాయకుడి గొంతు దిగుతూ వచ్చేది. కొంచెం ఎక్కువ తిప్పితే నిద్రమత్తులో పాడినట్టు అయ్యేది. మళ్లీ పైకి. నేను "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆ... దాటిపోయింది" అంటూ ఫోను చెవికి దగ్గరగా పట్టుకున్నాను. తంబురాకీ గొంతుకీ మధ్య అలలు అలలుగా ఒక కొట్టుకోవడం ఉంటుంది చూడండి, రెండు శృతులు పూర్తిగా కలవనప్పుడు. ఆ అల మెల్లమెల్లగా బద్ధకించి, సాగి సాగి, ఆగిపోయింది. గొంతు తంబురాలో కూర్చుంది.

"కదిలించకు" అంది అమ్మ.

పావుగంట పట్టింది మొత్తం. ఆ అంకె రాసి ఉండకపోతే నాన్న దాచిన ఆ గొంతులన్నిటినీ అరశృతి పైన వింటూ, పాత టేపులు ఇలాగే ఉంటాయిలే అని సరిపెట్టుకునేవాళ్లం. ఆయన ఏనాడో రాసుకున్న అంకెలు ఆ రాత్రి మాకు పనిముట్లయ్యాయి. నేను ఆ కార్డు మళ్లీ మళ్లీ చూసుకున్నాను. నాన్న సగాన్ని ఎప్పుడూ పాత లెక్కల పద్ధతిలో, ఒకటి కింద రెండు వేసి రాసేవాడు. ఆ రెండు తోక కొంచెం పైకి లేచి ఉంటుంది.

తర్వాత బాలమురళి. ఆభేరిలో నగుమోము. ఇది రేడియోది కాదు, కొన్న క్యాసెట్టు. పెట్టీపెట్టగానే బావిలోంచి వచ్చినట్టు వినబడింది. అన్నయ్యకి వెంటనే తెలిసిపోయింది. క్యాసెట్టులో టేపుని హెడ్‌కి ఆనించి పట్టే చిన్న మెత్త ముక్క ఊడిపోయింది. అయిదు మరలు విప్పి, ఆ రెండు చక్రాలనీ రెండు చేతుల వేళ్లతో కదలకుండా ఎత్తి, పాడైన భజన క్యాసెట్టు గుల్లలోకి మార్చాడు. అంతసేపూ ముగ్గురం ఊపిరి కూడా గట్టిగా వదల్లేదు. చక్రం జారిందంటే టేపంతా చాప మీద కుప్పపడుతుంది. జారలేదు.

ఆ పాట మీద నాకూ అన్నయ్యకీ పాత తగాదా ఉంది. ఆభేరిలో ధైవతం, అంటే 'ద' స్వరం, ఇప్పుడందరూ కాస్త పైదైన చతుశ్రుతి ధైవతం పాడతారు. ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయంలో దానికంటే కిందిదైన శుద్ధ ధైవతం. అన్నయ్య పాతదే రాగమంటాడు, ఇప్పుడు పాడేది వేరే పేరు పెట్టుకుని పాడుకోవాలంటాడు. నేనొప్పుకోను. జనం చెవిలో ఇన్నేళ్లు నిలబడిన దాన్ని, అందులోనూ బాలమురళి గొంతులో అంత వెలిగిన దాన్ని, తప్పంటే నాకు కోపం వస్తుంది. గొంతులు పెరిగాయి. అమ్మ విసుక్కుంది. "ధైవతం కోసం మీరు కొట్టుకుంటుంటే అనుపల్లవి అయిపోయింది. వెనక్కి తిప్పండి." తిప్పాం. రెండోసారి ఎవరమూ మాట్లాడలేదు. ఆ గొంతు పైకి వెళ్లేటప్పుడు శ్రమ కనబడదు, కిందికి వచ్చేటప్పుడు బరువు కనబడదు. మూడు స్థాయిల్లోనూ ఒక్కలాగే నిండుగా ఉంటుంది. మా ఊరి గొంతు అని గర్వపడటానికి నాకు ఏ కారణమూ అక్కర్లేదు గానీ, ఉన్న కారణం ఇది.

ఎనిమిదిన్నరకి భోజనాలు. అమ్మకి ఫలహారం, మాకు అన్నంలోకి గోంగూర, పెరుగు. వదిన నిజంగానే పచ్చడి కూడా పంపింది, సంచి అడుగున ఉంది.

మళ్లీ కూర్చునేసరికి తొమ్మిది దాటింది. అన్నయ్య కావాలనే రెండు క్యాసెట్లని ఆఖరికి ఉంచాడు. రబ్బరు బ్యాండు వేసి కట్టిన జత. ఒకటో నంబరు, రెండో నంబరు. పాడినవారి పేరు ఎర్ర సిరాతో రాసినట్టున్నాడు నాన్న, అది పూర్తిగా వెలిసిపోయింది. నీలం సిరాతో రాసిన రాగాలు, శృతి అలాగే ఉన్నాయి. ఎవరు పాడారన్నదాని మీద అన్నయ్య ఒక పేరు చెప్పాడు, నేను ఇంకోటి చెప్పాను, అమ్మ మూడోది చెప్పింది. చిన్నప్పుడు మాకు అది 'తోడి క్యాసెట్టు', అంతే. ఆ పేరు చాలు.

రెండో క్యాసెట్టు వెనక వైపు ఖాళీ ఉండిపోతుంది కదా, కచేరీకి మూడు వైపులే చాలు. ఆ నాలుగో వైపుని నాన్న వృథా పోనివ్వలేదు. వాళ్ల ఆఫీసులో పెద్దాయన ఒకరింట్లో గ్రామఫోను ఉంటే రికార్డరు చంకన పెట్టుకుని వెళ్లి, ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు ప్లేట్లు ఎక్కించుకొచ్చాడు. ముందు అది పెట్టమంది అమ్మ. గరగరమనే చప్పుడు వెనక, దూరంగా, ఆ ఫిడేలు. 78 తిరిగే ప్లేటు ఒక్కో వైపు మూడున్నర నిమిషాలకి మించి పట్టదు. విజయనగరం సంగీత కళాశాలలో 1936 నుంచి ప్రిన్సిపాలుగా ఉన్న మనిషి, గంటలకొద్దీ ఒక్క రాగమే వాయించగల మనిషి, మూడున్నర నిమిషాల్లో ఏం చేస్తారు? తొందరపడతారని అనుకుంటాం. అస్సలు తొందరపడరు. కమాను లాగిన మొదటి లాగులోనే రాగం మొహం చూపించేస్తారు. అక్కర్లేనిదంతా వదిలేస్తారు. సూది గీత చివరికి వచ్చేసరికి రాగం ఇంటికి చేరిపోయి ఉంటుంది. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య నాన్న రికార్డరు ఆపి మళ్లీ పెట్టిన చిన్న కుదుపు వినబడుతుంది. ఆ కుదుపు కూడా ఎంత చక్కగా సమయానికి పడుతుందో. ఒక్క స్వరం తెగలేదు.

అప్పుడు తోడి. ఒకటో నంబరు రెండో వైపు. అన్నయ్య లైటు తీసేశాడు, తులసి దగ్గర దీపం వెలుగు కిటికీలోంచి కొంచెం పడుతోంది. ఆలాపన మొదలైంది. గాంధారం మీద ఆ ఊపు, అక్కడే అక్కడే తిరిగి, పంచమం తాకకుండా వెళ్లి, తర్వాతెప్పుడో తాకి... నేను మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చున్నాను. పై షడ్జమానికి చేరబోతున్నారు.

టప్, టప్, టప్.

అమ్మ చీకట్లో నా తల మీద చెయ్యి వేసింది. వేసి, ఉంచింది. ఆ మూడు టప్పుల గురించి మా ఇంట్లో ఎవరైనా చేసిన మొదటి పని అదే. నాన్న ఆ కార్డు మీద ఉరుములు పడ్డ చోట్లు కూడా రాశాడు, కచేరీ మొదట్లో ఎక్కడో ఒక ఉరుము ఉంటే ఆ టైము రాశాడు. నా లైటు మాత్రం రాయలేదు. సాయంత్రం కార్డు చూసినప్పుడే వెతికాను.

కీర్తన ఎత్తుకున్నారు. త్యాగరాజస్వామి కొలువమరెగదా. నిదానంగా, పీట వేసి కూర్చున్నట్టు. చరణంలో 'తంబుర చేకొని' దగ్గర నెరవు, అంటే ఆ ఒక్క వాక్యాన్నే రకరకాలుగా పాడటం. ఆ మాటల్ని తిప్పి తిప్పి, కిందినుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి, తంబుర ఎన్ని రకాలుగా చేతిలోకి తీసుకోవచ్చో అన్ని రకాలుగానూ. తర్వాత స్వరాలు. అమ్మ చెయ్యి నా తల మీంచి తీసి తన ఒళ్లో తాళం వేసుకోవడం మొదలుపెట్టింది. అన్నయ్య సర్దుకుని ముందుకి జరిగాడు. రెండో నంబరు క్యాసెట్టు వాడి చేతిలో ఎప్పుడు చేరిందో నేను చూడలేదు. సరైన వైపు పైకి పెట్టి పట్టుకున్నాడు.

ఈ టేపుతో వచ్చిన చిక్కేమిటంటే, అది సరిగ్గా ఎక్కడ తెగుతుందో మా అందరి ఒంట్లోనూ ఉంది. స్వరాలన్నీ అయ్యి, పెద్ద ముక్తాయింపు వేసి, తనికి, అంటే మృదంగం ఒక్కటే వాయించడానికి వదిలే ముందు ఆ ఒక్క వాక్యం ఇంకోసారి ఎత్తుకుంటారు. 'తంబు...' దగ్గర టేపు అయిపోతుంది. రెండో క్యాసెట్టు మృదంగం మొదటి దెబ్బతో మొదలవుతుంది. మధ్యలో పోయింది అక్షరాలా ఒక్క ఆవర్తనం. ఆ రాత్రి నాన్న అన్న మాట నిలబెట్టుకున్నాడు, రెండోది పోనివ్వలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఈ కచేరీ విన్నా మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. టేపు ఆగగానే నాన్న గొంతులోనే, చాలా చిన్నగా, 'ర చేకొని' అని పూర్తిచేసి తాళం ఆపకుండా వేస్తూ ఉండేవాడు. ఆయన చెయ్యి తిరిగి మొదటి దెబ్బకి వచ్చేలోపు మేమిద్దరం క్యాసెట్టు మార్చి మీట నొక్కాలి. నొక్కితే మృదంగం సరిగ్గా ఆ మొదటి దెబ్బకే వచ్చి పడేది. కచేరీ ఎక్కడా తెగనట్టే ఉండేది. దానికోసం నేనూ అన్నయ్యా మధ్యాహ్నాలు ఖాళీ క్యాసెట్లతో సాధన చేసిన రోజులున్నాయి. చాలా ఏళ్ల తర్వాత ఇదే కీర్తన ఇంకెవరో పాడగా సభలో కూర్చుని వింటుంటే, ఆ చోట పాట ఆగకుండా ముందుకి సాగిపోతే, నా చెయ్యి దానంతటది పక్కనున్న కుర్చీ వైపు వెళ్లింది.

ముక్తాయింపు వేస్తున్నారు. మూడోసారి. ఫిడేలు అందుకుంది. గొంతు ఎత్తుకుంది.

'తంబు...'

టక్.

"ర చేకొని" అంది అమ్మ. పాడలేదు, శృతిలో అంది. ఒళ్లో చెయ్యి ఆగలేదు. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. అన్నయ్య మూత తెరిచాడు. నేను పాతది లాగాను, చీకట్లో ఒక క్షణం పట్టు జారి మళ్లీ దొరికింది. దెబ్బ, విసురు. అన్నయ్య వేళ్లు ఇదివరకటిలా వంగడం లేదు, క్యాసెట్టు అంచు ఒకసారి తగిలి వెనక్కి వచ్చింది, మళ్లీ పెట్టాడు, కూర్చుంది. దెబ్బ. నేను మూత నొక్కాను. విసురు.

అమ్మ అరచెయ్యి పైకి తిరిగి గాల్లో ఉంది. తర్వాతి దెబ్బ పడాలి. వెయ్యలేదు. అలాగే పట్టుకుని మా కోసం ఆగింది.

అన్నయ్య మీట నొక్కాడు. మృదంగం మోగింది. అమ్మ చెయ్యి దిగింది.